వెదురు బద్దతో విల్లు, బాణాలు: బొంగు ఎంపిక నుంచి మొదటి గురి దాకా

ఈ మధ్య విల్లు ఎలా చేయాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందులో సగం మందిది ఒకటే గోడు: "చేశాను, నాలుగు రోజులకే విరిగిపోయింది." అప్పుడు నేను రెండే తేదీలు అడుగుతాను. బొంగు ఎప్పుడు తెచ్చారు? చెక్కడం ఎప్పుడు మొదలుపెట్టారు? రెండింటి మధ్య వారం కూడా ఉండదు. పచ్చి వెదురు ఎంత బాగా చెక్కినా పచ్చి వెదురే.

ఇక్కడ చెప్పేది ఒకే బద్దతో చేసే విల్లు గురించి. బలం, అంటే తాడును పూర్తిగా లాగడానికి పట్టే బరువు, 25 నుంచి 30 పౌండ్లు. పది పన్నెండు మీటర్ల దూరంలో గడ్డి కుక్కిన గోనెసంచిని కొట్టడానికి ఇది చాలు. వేట మాట ఎత్తకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మొత్తం రెండున్నర మూడు నెలలు పడుతుంది. అందులో చేతికి పని ఉండేది నాలుగైదు రోజులే. మిగతాదంతా ఆరబెట్టి ఎదురుచూడటం.

## 1. ముందు నాలుగు పేర్లు

గురి వైపు ఉండేది విల్లు వీపు. మీ వైపు ఉండేది పొట్ట. మధ్యలో పట్టుకునేది పిడి. పిడికి అటూ ఇటూ వంగే భాగాలను రెక్కలు అంటాను. తాడు తగిలించే రెండు చివరలు కొప్పులు. తాడుకు పాత పేరు అల్లెతాడు, అదే వాడదాం.

వెదురు బొంగు బయటి నున్నటి పొర ఎప్పుడూ వీపు అవుతుంది. బలమైన పీచంతా ఆ పొర దగ్గరే చిక్కగా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ పల్చబడుతుంది. విల్లు లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. సాగే పనిని బయటి పొరకే వదిలేయాలి. అందుకే చెక్కుడంతా పొట్ట వైపే. ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

## 2. కొలతలు మీ ఒంటి మీదే ఉన్నాయి

రెండు చేతులూ చాచి బార కొలవండి. ఆ అంగుళాలను 2.5తో భాగిస్తే మీరు తాడును ఎంతవరకు లాగగలరో తెలుస్తుంది. బార 70 అంగుళాలైతే లాగుడు 28 అంగుళాలు.

ఒంటి బద్ద విల్లుకు పొడవే రక్ష. 28 అంగుళాల లాగుడుకి 68 అంగుళాల బద్ద తీసుకోండి. దాదాపు మీ బారంత అన్నమాట. పొట్టిగా చేస్తే ముద్దుగా ఉంటుంది, కానీ రెక్క ఎక్కువ వంగాలి, త్వరగా విరుగుతుంది.

వెడల్పు పిడి దగ్గర ఒకటిన్నర అంగుళం, కొప్పుల దగ్గర అర అంగుళం. మందం ముందే తేల్చలేం. 12 మి.మీ.తో మొదలుపెట్టి, బలం తూచుకుంటూ తగ్గిస్తాం.

## 3. బొంగు ఎంపిక

అడవికి వెళ్లి నరకొద్దు. ఊళ్లో మేదర వీధి ఉంటే అక్కడికి వెళ్లండి. ఏ బొంగు ముదురో ఏది లేతో వాళ్లు తట్టి చెప్పేస్తారు. సొంత చేనుగట్టు మీదో, తెలిసినవాళ్ల తోటలోనో పొద ఉంటే ఇంకా మంచిది. 2017 సవరణ తర్వాత అడవి బయట పెరిగిన వెదురు అటవీ చట్టంలో చెట్టు కిందికి రాదు.

కావలసింది గోడ మందంగా ఉండే కంక వెదురు. లోపల బోలు తక్కువ ఉండాలి. బొంగు మొదలు వైపు ఆరడుగుల ముక్క తీసుకోండి, గోడ మందం అక్కడే ఎక్కువ.

కొనేముందు చూసుకోవలసినవి:

- వయసు మూడేళ్లు దాటాలి. కణుపుల దగ్గర తొడుగులు రాలిపోయి ఉండాలి. మీద తెల్లటి పొడి ఉంటే అది లేతది.
- వేలి కణుపుతో తడితే ఖంగుమనాలి. డబ్‌మంటే వదిలేయండి.
- గోడ మందం కనీసం అర అంగుళం.
- సూది బెజ్జాలు, వాటి కింద పిండి రాలుతుంటే అది పురుగు పట్టిన బొంగు.
- పక్కకు వంకర లేకుండా ఉండాలి. ముందుకో వెనక్కో కొంచెం వంగి ఉన్నా ఫర్వాలేదు, కాచి సరిచేయొచ్చు.
- అడ్డంగా కత్తి గాటు ఒక్కటి ఉన్నా వద్దు.

రెండు ముక్కలు తీసుకోండి. మొదటిది పాడైతే మళ్లీ మూడు నెలలు ఆగక్కర్లేదు.

## 4. ఆరబెట్టడం

పచ్చి బొంగు దొరికితే ముందు నీళ్లలో నానేయాలి. చెరువులోనో తొట్టిలోనో పూర్తిగా మునిగేలా రాయి కట్టి మూడు వారాలు ఉంచండి. వెదురులోని పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతుంది, తర్వాత పురుగు పట్టే భయం తగ్గుతుంది. తొట్టి కంపు కొడుతుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

తర్వాత బొంగును నిలువునా రెండుగా చీల్చి నీడలో, గాలి ఆడేచోట అడ్డంగా పెట్టండి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పగుళ్లు తీస్తుంది.

ఆరిందో లేదో చూపు చెప్పదు, తూకం చెబుతుంది. వారానికోసారి తూచి బద్ద మీదే పెన్సిల్‌తో రాయండి. వరుసగా రెండు వారాలు ఒకే బరువు చూపిస్తే ఆరినట్టు. మన ఎండాకాలంలో ఆరేడు వారాలు పడుతుంది. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకండి, తూకం తగ్గకుండా విసిగిస్తుంది.

## 5. గీతలు గీసి బద్ద తీయడం

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: కత్తి, గూటం, రంపం, గరుకు ఆకురాయి ఒకటి, నున్నటిది ఒకటి, సన్నటి గుండ్రటి ఆకురాయి, సాండ్ పేపర్, సామాన్లు తూచే కొక్కెం తూకం. చిత్రిక ఉంటే పని తొందరగా అవుతుంది.

సగం బొంగులోంచి రెండంగుళాల వెడల్పు బద్ద చీల్చండి. కత్తి పెట్టి గూటంతో మెల్లగా కొడితే చీలిక పీచు వెంటే పోతుంది. ఒక పక్కకు జారుతుంటే మందంగా మిగులుతున్న వైపుకి కత్తి నొక్కండి.

వీపు మీద దారం ఒకటి కొస నుంచి కొసకు లాగి మధ్య గీత గీయండి. మధ్యలో నాలుగంగుళాలు పిడి. పిడి నుంచి రెక్క సగం దూరం దాకా ఒకటిన్నర అంగుళం వెడల్పు అలాగే ఉంచి, అక్కడి నుంచి కొప్పు దాకా తగ్గించుకుంటూ అర అంగుళానికి గీత కలపండి.

కణుపులు రెండు రెక్కల్లోనూ దాదాపు ఒకేలా పడేట్టు బద్దను ముందుకు వెనక్కు జరిపి చూసుకోండి. కొప్పు చివర సరిగ్గా కణుపు మీద పడితే అదృష్టం, తాడు గాడి చీలదు.

## 6. మొదటి చెక్కుడు

ముందు పక్కలు గీతల దాకా చెక్కండి. పక్క అంచులు పదునుగా ఉంచొద్దు, పీచు లేచేది అక్కడే. సాండ్ పేపర్‌తో గుండ్రంగా చేయండి.

తర్వాత పొట్ట. లోపలి మెత్తటి పొరంతా తీసేసి చదును చేయండి. కణుపుల దగ్గర లోపల అడ్డుగోడల మిగుళ్లు ఉంటాయి, వాటిని మొత్తం కోసేయకుండా చుట్టుపక్కల కంటే మిల్లీమీటరు ఎత్తుగా ఉంచండి. కణుపు దగ్గర పీచు మెలిక తిరిగి ఉంటుంది, అందుకే అక్కడ కొంచెం కండ కావాలి.

మందం పిడి దగ్గర 12 మి.మీ., కొప్పు దగ్గర 8 మి.మీ. వచ్చేదాకా సమానంగా తగ్గించి ఆగిపోండి.

వీపు మీద కణుపు గట్లు చేతికి తగులుతుంటాయి. చూడ్డానికి బాగుండదని నా మొదటి విల్లుకు వాటిని ఆకురాయితో నున్నగా అరగదీశాను. 24 అంగుళాలు లాగేసరికి పై రెక్కలో రెండో కణుపు దగ్గర, సరిగ్గా నేను అందం చేసినచోటే, రెండు ముక్కలైంది. ముక్క ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది. గట్టు మీద సాండ్ పేపర్ నాలుగుసార్లు ఆడించండి, అంతే.

## 7. నిప్పు మీద కాచడం

బొగ్గుల మీద, మంట లేకుండా, జానెడు ఎత్తులో పొట్ట వైపు కాచండి. ఒకచోట ఆపకుండా జరుపుతూ ఉండాలి. కాసేపటికి వెదురు చెమట పట్టినట్టు మెరుస్తుంది, రంగు గోధుమలోకి తిరుగుతుంది. అక్కడితో చాలు. నల్లబడితే మాడినట్టే, మాడిన వెదురు పెళుసు.

వేడిగా ఉన్నప్పుడే వంకరలు సరిచేయాలి. వంకర ఉన్న చోటును మోకాలి మీద పెట్టి ఎదురు వైపుకి వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. చేతులకు తోలు గ్లౌజులు తప్పనిసరి.

కాచి, వంకరలు సరిచేశాక వెంటనే విల్లులా వంచకండి. తేమ బాగా తగ్గి ఉంటుంది. నాలుగు రోజులు ఇంట్లో పెట్టి తర్వాత ముందుకెళ్లండి.

## 8. కొప్పులు, అల్లెతాడు

చివర నుంచి మూడు పావుల అంగుళం వదిలి, పక్కల్లో మాత్రమే గుండ్రటి ఆకురాయితో ఏటవాలు గాడి తీయండి. గాడి వీపు మీదకు ఎక్కకూడదు.

తాడుకి నైలాన్ వద్దు, రబ్బరులా సాగుతుంది. ఆర్చరీ సామాన్లు అమ్మేచోట దొరికే డాక్రాన్ దారం మంచిది. పల్లెల్లో అడ్డనార, జనుము వాడేవాళ్లు ఉన్నారు. పేనడం వస్తే అవీ పనికొస్తాయి, కాకపోతే మొదటి విల్లుకు ఆ ప్రయోగం వద్దు.

పలక మీద రెండు మేకులు కొట్టండి. మేకుల మధ్య దూరం, గాడి నుంచి గాడికి ఉన్న పొడవు కంటే మూడంగుళాలు తక్కువ. దారాన్ని ఆరు చుట్లు తిప్పితే పన్నెండు పోగులు. కొసలు కలిపి ముడేసి, రెండు చివరలా ఉచ్చు భాగాన్ని, మధ్యలో బాణం కూర్చునేచోట ఆరంగుళాలను గట్టి దారంతో ఒత్తుగా చుట్టండి. తేనెమైనం రుద్దండి. పొడవు ఎక్కువైతే మెలితిప్పితే తగ్గుతుంది.

## 9. వంపు సరిచేయడం

దీన్నే టిల్లరింగ్ అంటారు. విల్లు విల్లయ్యేది, లేదా పొయ్యిలోకి పోయేది ఇక్కడే. ఒక్కరోజులో ముగిద్దామనుకోకండి.

మొదట నేల మీద. ఒక కొప్పును చెప్పు మీద ఆనించి, పిడి పట్టుకుని మెల్లగా నొక్కండి. రెక్క ఎక్కడ వంగుతోంది, ఎక్కడ కర్రలా నిలబడింది? నిలబడినచోట పొట్ట వైపు పెన్సిల్‌తో గీత పెట్టి అక్కడే అరగదీయండి. రెండో రెక్కా అంతే.

తర్వాత లాగుడు చెక్క మీద. మూడడుగుల చెక్క తీసుకుని పైన విల్లు కూర్చునే గాడి, దాని కింద అంగుళానికొక గంటు పెట్టండి. విల్లు కంటే పొడవైన మామూలు తాడు కట్టి, లాగి గంటుకు తగిలించి, నాలుగడుగులు వెనక్కెళ్లి చూడండి. వెనక గోడ మీద సుద్దతో అడ్డగీతలు గీసి పెట్టుకుంటే ఏ రెక్క ఎంత దిగిందో ఇట్టే తెలుస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి తలకిందులుగా చూడండి. కన్ను అలవాటుపడిన తప్పు అప్పుడు బయటపడుతుంది.

పాటించవలసినవి ఇవి:

1. అరగదీసిన ప్రతిసారీ ఇరవై ముప్పైసార్లు కొద్దిగా వంచి వదలండి. ఆ తర్వాతే తేడా కనబడుతుంది.
2. వంపులో తప్పు కనిపించిన అంగుళం దాటి లాగకండి. అది సరయ్యాకే తర్వాతి గంటు.
3. అనుకున్న బలాన్ని మించి ఎప్పుడూ లాగకండి. 30 పౌండ్లంటే కొక్కెం తూకంలో 13.6 కిలోలు. 18 అంగుళాలకే అంత చూపిస్తే అక్కడ ఆగి, రెండు రెక్కలూ సమానంగా అరగదీయండి.
4. ఒకచోట ఎక్కువ వంగుతుంటే దాన్ని ముట్టుకోకండి. మిగతా రెక్కంతా తగ్గిస్తూ దానితో సమం చేయండి.

కన్ను నమ్మలేకపోతే చిన్న ఉపాయం. ఐదంగుళాల చదును చెక్కముక్క మధ్యలో బెజ్జం చేసి పెన్సిల్ దూర్చండి. అసలు తాడు ఎక్కించిన విల్లు పొట్ట మీద దాన్ని ఆనించి జరపండి. బాగా వంగినచోట ముక్క మధ్యలో సందు పెద్దగా ఉంటుంది. పెన్సిల్ మొన అక్కడ తగలీ తగలనట్టు పెట్టి రెక్కంతా జరిపితే, వంగకుండా బిగుసుకున్నచోట గీత పడుతుంది. గీత పడినచోటే అరగదీత.

అసలు తాడు ఎక్కించాక పిడికీ తాడుకీ మధ్య ఆరంగుళాలు ఉండాలి. పిడి మీద పిడికిలి ఆనించి బొటనవేలు నిలబెడితే తాడుకు తగలాలి, అది చాలు. పై రెక్క కింది రెక్క కంటే నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వంగితే మంచిది.

26 అంగుళాల దగ్గరే ఆపండి. ఆఖరి సాండ్ పేపర్‌తో ఇంకాస్త బలం తగ్గుతుంది, చివరి రెండంగుళాలు అప్పుడు వస్తాయి.

ఇంత చేశాక విల్లు మరీ మెత్తబడిందా? రెండు కొప్పుల దగ్గరా అంగుళం చొప్పున కోసి కొత్త గాడులు తీయండి, బలం పెరుగుతుంది. ఒకసారికే ఈ వెసులుబాటు.

## 10. పిడి, పూత

పిడి చుట్టూ పాత సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి, మీద నూలు తాడు బిగించండి. మొత్తం విల్లుకు అవిసె నూనె రెండు మూడుసార్లు పట్టించి ఆరనివ్వండి. నూనె గుడ్డను ఉండ చుట్టి పారేయకండి, దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టండి.

## 11. బాణాలు

విల్లు కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది, బాణం అలా కాదు. కనీసం ఆరు చేయండి, ఆరూ ఒకేలా ఉండాలి.

కర్ర. 8 మి.మీ. గుండ్రటి చెక్క కర్ర, లేదా అంతే లావున్న సన్న వెదురు. పొడవు మీ లాగుడు కంటే అంగుళంన్నర ఎక్కువ. చెక్క కర్రయితే గీరలు కొస నుంచి కొసకు సాగాలి. మధ్యలో పక్కకు జారిపోతే ఆ బాణం వదిలేటప్పుడు విరిగి, ముక్క ఎడమ చేతిలో దిగుతుంది. అలాంటివి పూలకుండీలకు ఆసరా పెట్టుకోండి.

గట్టిదనం. రెండు మేకుల మీద, 26 అంగుళాల ఎడంలో కర్ర పెట్టండి. మధ్యలో 907 గ్రాముల బరువు, అంటే రెండు పౌండ్లు, వేలాడదీయండి. లీటరు సీసాలో నీళ్లు పోసి తూచుకుంటే సరి. కర్ర కిందికి ఎంత దిగిందో చూడండి. 26ను ఆ అంగుళాలతో భాగిస్తే ఎన్ని పౌండ్ల విల్లుకు సరిపోతుందో వస్తుంది. 30 పౌండ్ల విల్లుకు 22 నుంచి 26 మి.మీ. దిగే కర్రలు ఏరుకోండి. బాణం పిడిని చుట్టుకుని పోవాలి కాబట్టి మరీ బిర్రుగా ఉంటే పక్కకు కొడుతుంది.

పింజ. తాడు కూర్చునే గాటును రెండు హాక్సా బ్లేడులు కలిపి చుట్టి కోయండి, లోతు 8 మి.మీ. చెక్కయితే గాటు గీరలకు అడ్డంగా ఉండాలి. వెదురైతే గాటు కిందే కణుపు ఉండేలా చూసుకోండి. కింద దారం చుట్టి జిగురు పూయండి, లేకపోతే చీలుతుంది.

ఈకలు. టర్కీ కోడి, పెంపుడు బాతు రెక్కల ఈకలు వాడండి. రాబందు, డేగలాంటి అడవి పక్షుల ఈకల జోలికి వెళ్లొద్దు. మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి కావాలి, కుడి ఎడమ కలపకూడదు. నాలుగంగుళాలకు కోసి, సమాన దూరంలో అతికించండి. ఒక ఈక గాటుకు అడ్డంగా నిలవాలి, బాణం పెట్టినప్పుడు అది విల్లుకు ఎదురు వైపు ఉంటుంది. ఈక ముందు కొసను దారంతో పూర్తిగా కప్పేయండి. బాణం మీ పిడికిలి మీదుగానే పోతుంది, లేచిన ఈక కాడ బ్లేడులా చర్మం కోస్తుంది.

మొన, బరువు. మొద్దు ఉక్కు మొన చాలు. మొత్తం బాణం 20 గ్రాములకు తగ్గకూడదు, మరీ తేలికైతే దెబ్బంతా విల్లే తింటుంది. ఆరింటి మధ్య తేడా గ్రాము దాటొద్దు. 30 అంగుళాల బాణం వేలి మీద నిలిపితే మధ్య నుంచి మొన వైపు మూడంగుళాల దగ్గర నిలవాలి.

## 12. మొదటి రోజు

- సంచి వెనక గోడ గానీ మట్టిగట్టు గానీ ఉండాలి. పక్కనుంచి దారి ఉండకూడదు.
- ప్రతి బాణాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వంచండి. టిక్‌మంటే విరిచి పారేయండి.
- ముంజేతికి పట్టీ, వేళ్లకు పాత తోలు చెప్పు నుంచి కోసిన ముక్క.
- పిడి దగ్గర బాణం ఆనేచోటు నుంచి తాడుకు లంబంగా గీత ఊహించుకోండి, తాడు మీద దానికి 12 మి.మీ. పైన బాణం గాటు కూర్చోవాలి. అక్కడ దారంతో గుర్తు కట్టండి.
- మొదటి ముప్పై బాణాలు 22 అంగుళాలకు మించి లాగకండి.
- బాణం లేకుండా తాడు లాగి వదలకండి. ఇంటికొచ్చిన చుట్టాలు చేసే మొదటి పని ఇదే. విల్లు చేతికిచ్చే ముందే చెప్పండి.

ఆట అయిపోగానే తాడు దించండి. రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. కారు డిక్కీలో ఎండలో వదిలేస్తే పని ఖతం.

## 13. తప్పులు, సరిచేసే దారులు

వీపు మీద సన్నటి పీచు లేచింది. పల్చటి సూపర్ గ్లూ పోసి, దారంతో అంగుళం మేర చుట్టండి. పగులు అడ్డంగా ఉంటే మాత్రం ఆ విల్లు ఇక వాడొద్దు.

నిలువు పగులు. ఆరేటప్పుడు వచ్చి, అంచు దాకా పోకుండా ఉంటే ప్రమాదం లేదు. జిగురు నింపి చుట్టండి.

పొట్ట మీద అడ్డంగా సన్నటి ముడతలు. అక్కడ మితిమీరి వంగింది. మిగతా రెక్క తగ్గించి ఆ చోటు భారం దించాలి. బలం తగ్గుతుంది, ఒప్పుకోక తప్పదు.

తాడు దించినా విల్లు వంగే ఉంటోంది. అంగుళం, ఒకటిన్నర మామూలే. రెండు దాటితే బద్ద ఆరలేదు, లేదా తొందరపడి ఎక్కువ లాగారు. ఇంకో నెల ఆరబెట్టి, మళ్లీ కాచి చూడండి.

తాడు ఒక పక్కకు పోతోంది. కొప్పు మెలి తిరిగింది. ఆ రెక్కను కాచి, ఎదురు వైపుకి మెలిపెట్టి చల్లారనివ్వండి. కొద్ది తేడా అయితే ఒక పక్క గాడి కాస్త లోతు చేస్తే సరిపోతుంది.

బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి. కుడిచేతివాటం వాళ్లకైతే కర్రలు బిర్రుగా ఉన్నట్టు. ఒక బాణం మొన కొంచెం బరువైనది మార్చి చూడండి, లేదా కర్రను సాండ్ పేపర్‌తో పల్చబరచండి. కుడికే పోతుంటే కర్ర మెత్తన, పావు అంగుళం చొప్పున పొట్టి చేసుకుంటూ రండి. లాగుడు కంటే అర అంగుళం ఎక్కువ మిగిలేచోట మాత్రం ఆగాలి, లేకపోతే మొన వచ్చి వేలికి గుచ్చుకుంటుంది.